స్కూబా వింగ్ ఎంపిక: ముందు బరువుల లెక్క, ఆ తరువాతే వింగ్ పరిమాణం

స్కూబా డైవింగ్‌కు వింగ్ (వీపు మీద మోసే గాలితిత్తి) కొనాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగే ప్రశ్న "ఎన్ని కిలోలు ఎత్తే వింగ్ తీసుకోవాలి?" అన్నది. నిజానికి ఇది చివర్లో అడగవలసిన ప్రశ్న. డైవర్ మోసుకువెళ్లే సామగ్రిలో ఏది ఎప్పుడు ఎంత మునుగుతుందో, ఏది ఎంత తేలుతుందో ఆ తేడాను గాలితో పూడ్చడమే వింగ్ చేసే పని. ఆ తేడా ఎంతో తెలుసుకోకుండా కొంటే అవసరానికి మించిన పెద్ద వింగ్ చేతికి వస్తుంది, లేదా అంతకంటే ప్రమాదకరంగా, చాలని వింగ్ చేతికి వస్తుంది. అందువల్ల రకరకాల వింగులను పోల్చడానికి ముందు లెక్కకే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

వింగా, జాకెట్టా

డైవర్ వీపు మీద ఉండే లోహపు పలక అయిన బ్యాక్‌ప్లేటుకూ, దాని వెనుక బిగించే సిలిండరుకూ మధ్య ఇమిడే గాలితిత్తిని వింగ్ అంటారు. జాకెట్ రకం సాధనంలో గాలిసంచి, పట్టీలు, జేబులు అన్నీ ఒకే వస్తువుగా కుట్టి ఉంటాయి. గాలి నడుము చుట్టూ, పక్కలకూ కూడా చేరుతుంది. వింగ్ పద్ధతిలో ప్లేటు, హార్నెస్ (ఒంటికి బిగించే పట్టీలు), గాలితిత్తి మూడూ విడివిడిగా ఉంటాయి కాబట్టి ఒకటి పాడైనా, అవసరం మారినా ఆ ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. గాలి మొత్తం వీపు వైపే ఉండటంతో నీటి అడుగున శరీరాన్ని నేలకు సమాంతరంగా నిలుపుకోవడం సులువవుతుంది, ఛాతీ మీద ఒత్తిడి ఉండదు. ఉత్తర ఫ్లోరిడాలోని నీటి గుహల్లో డైవింగ్ చేసినవారి చేతుల్లో ఈ అమరిక ఎంతో మెరుగుపడింది. అక్కరలేని ప్రతి వస్తువునూ తీసివేయాలన్న పద్ధతికి వారిలో ఒకరైన విలియం హోగార్త్ మెయిన్ పేరు మీదుగా హోగార్తియన్ అన్న పేరు స్థిరపడింది. మధ్యలో కోతలూ అతుకులూ లేని ఒకే పొడవాటి పట్టీతో హార్నెస్ అల్లుకోవడం కూడా ఆ ఆలోచనలోని భాగమే.

జాకెట్‌కు ఉన్న నిజమైన అనుకూలత నీటి ఉపరితలం మీద కనిపిస్తుంది. పక్కలకు చేరిన గాలి మనిషిని నిటారుగా నిలుపుతుంది. వింగ్‌ను పూర్తిగా నింపితే అది వెనుక నుంచి పైకి లేచి ముఖాన్ని ముందుకు, నీటి వైపుకు నెడుతుంది. కావలసినంత గాలి మాత్రమే నింపి, కొంచెం వెనక్కి వాలి, సిలిండర్‌ను కిందికి వదిలితే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది, కానీ ఆ అలవాటు పడేదాకా కొత్తవారికి అది ఇబ్బందిగానే ఉంటుంది. ఒక విషయం మాత్రం రెండింటికీ వర్తిస్తుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1809 కిందకు వచ్చే ఈ సాధనాలు లైఫ్ జాకెట్లు కావు. స్పృహ తప్పిన మనిషి ముఖాన్ని నీటి పైన నిలుపుతామని అవి హామీ ఇవ్వవు. ఎప్పుడో ఒకసారి అద్దె సామగ్రితో డైవ్ చేసేవారికీ, ఉపరితలం మీద ఎక్కువసేపు నిలబడి కొత్తవారికి నేర్పేవారికీ జాకెట్ చాలు. తరచుగా డైవ్ చేస్తూ, నీటి అడుగున నిలకడ మీద శ్రద్ధ పెట్టేవారికి వింగ్ మేలని నా అభిప్రాయం.

లిఫ్ట్ లెక్క

వింగ్ మీద ముద్రించిన సంఖ్య అది గరిష్ఠంగా ఎంత భారాన్ని పైకి ఎత్తగలదో చెబుతుంది; దీన్నే లిఫ్ట్ అంటారు. ఒక లీటరు గాలి ఒక లీటరు నీటిని తొలగిస్తుంది కాబట్టి 13 కిలోల లిఫ్ట్ ఉన్న వింగ్‌లో సుమారు 13 లీటర్ల గాలి పడుతుందని అనుకోవచ్చు. మార్కెట్‌లో తరచుగా కనిపించే 30, 40, 60 పౌండ్ల వింగులు కిలోల్లో సుమారు 13.6, 18, 27 అవుతాయి.

మనకు ఎంత కావాలో తెలియాలంటే రెండు వేర్వేరు సందర్భాలను విడివిడిగా లెక్క వేసి, వాటిలో పెద్దదాన్ని తీసుకోవాలి. రెండింటినీ కలపకూడదు. చాలామంది ఈ రెండింటినీ కూడి, అవసరం లేని భారీ వింగ్ దగ్గర తేలుతారు.

మొదటి సందర్భంలో డైవర్ ఉండడు. పడవ ఎక్కే ముందు సామగ్రిని నీటిలోనే విప్పి వదిలారనుకుందాం. నిండు సిలిండర్, ప్లేటు, రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే సాధనం), ప్లేటుకు తగిలించిన సీసపు బరువులు, టార్చి వగైరాలన్నింటినీ వింగ్ ఒంటరిగా నీటిపైన నిలపగలగాలి. రెండవ సందర్భం డైవ్ మొదట్లో, లోతున ఏర్పడుతుంది. అప్పటికి సిలిండర్‌లోని గాలి ఇంకా ఖర్చు కాలేదు, నురగ రబ్బరుతో చేసిన డైవింగ్ దుస్తు అయిన వెట్‌సూట్ మాత్రం ఒత్తిడికి నలిగి తన తేలుడును పోగొట్టుకుంది. ఈ రెండు లోట్లనూ వింగ్ పూడ్చాలి.

గాలికి కూడా బరువు ఉంటుందన్న సంగతిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఒక లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు తూగుతుంది. 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌ను 207 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలమానం) వరకు నింపితే అందులో దాదాపు 2,300 లీటర్ల గాలి, అంటే సుమారు 2.7 కిలోల బరువు ఉంటుంది. డైవ్ చివర్లో ఖాళీ సిలిండర్‌తో కూడా ఐదు మీటర్ల లోతున ఆగగలిగేలా బరువులు వేసుకోవాలి కాబట్టి, సరిగ్గా బరువులు వేసుకున్న డైవర్ కూడా మొదట్లో ఆ మేరకు బరువుగానే ఉంటాడు.

వెట్‌సూట్ సంగతి కొంచెం ఓపికగా చూడాలి. నియోప్రీన్ అనే ఆ నురగ రబ్బరులో ఉన్న చిన్న చిన్న వాయు బుడగలే దాన్ని తేలుస్తాయి. పది మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి రెట్టింపు, ముప్పై మీటర్ల దగ్గర నాలుగు రెట్లు అవుతుంది. బుడగలు ఆ మేరకు నలుగుతాయి. మీ సూట్ ఎంత తేలుతుందో తెలుసుకోవడానికి పట్టికల కంటే ఒక వలసంచి మేలు. సూట్‌ను హుడ్‌తో, బూట్లతో సహా చుట్టి సంచిలో పెట్టి, ఈతకొలనులో ముంచి, మడతల్లో చిక్కిన గాలి బయటకు వచ్చేదాకా చేతులతో పిండాలి. ఆ పైన ఒక్కొక్క సీసపు దిమ్మె వేస్తూ, సంచి మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టిన చోట ఆపి, వేసిన బరువును రాసుకోవాలి. ఆ సూట్ పైకి ఎంత లాగుతుందో ఆ సంఖ్య చెబుతుంది, లోతున అందులో చాలా భాగం పోతుంది. సూట్ పాతబడే కొద్దీ ఈ తేలుడు తగ్గుతూ వస్తుంది కాబట్టి, కొత్త సూట్ కొన్నప్పుడు మళ్లీ కొలవాలి.

ఇప్పుడు గోరువెచ్చని సముద్రంలో 3 మిల్లీమీటర్ల సూట్‌తో, పైన చెప్పిన అల్యూమినియం సిలిండర్‌తో దిగే డైవర్‌ను తీసుకుందాం. నిండు సిలిండర్ నీటిలో సుమారు ఒక కిలో బరువుంటుంది. ఖాళీ అయ్యాక అదే ఒకటిన్నర, రెండు కిలోల మేరకు పైకి లాగుతుంది. 2.7 కిలోల స్టీల్ ప్లేటు నీటిలో 2.4 కిలోలు తూగుతుంది. రెగ్యులేటర్‌కు ఒక కిలో వేసి, సిలిండర్ పట్టీకి తగిలించిన రెండు కిలోల సీసాన్ని కూడా కలిపితే మొత్తం ఆరున్నర కిలోల దగ్గర ఆగుతుంది. రెండవ సందర్భంలో సూట్‌కు ఉన్న రెండున్నర కిలోల తేలుడు పూర్తిగా పోయిందనుకున్నా, గాలి బరువుతో కలిపి ఐదుంబావు కిలోలు దాటదు. అంటే ఆరున్నర కిలోలే పెద్ద సంఖ్య. 13 కిలోల వింగ్ ఇతనికి కావలసినదానికి రెట్టింపు. ఉపరితలం మీద తల పైకి ఉంచుకోవడానికీ, అవసరమైతే బడ్డీని (తోటి డైవర్‌ను) ఆదుకోవడానికీ ఆ మిగులు సరిపోతుంది. ఇలాంటి డైవర్ 18 కిలోల వింగ్ కొనవలసిన కారణం నాకు కనిపించదు.

చల్లని నీటిలో 7 మిల్లీమీటర్ల రెండు ముక్కల సూట్, 232 బార్ వరకు నింపే 15 లీటర్ల స్టీల్ సిలిండర్ తీసుకుంటే కథ మారుతుంది. వలసంచి పరీక్షలో సూట్ పది కిలోలు తేలిందనుకుందాం. ముప్పై మీటర్ల లోతున అందులో ఎనిమిది కిలోలు పోతే, నాలుగు కిలోల గాలి బరువుతో కలిపి పన్నెండు కిలోల లోటు ఏర్పడుతుంది. మొదటి సందర్భం చూస్తే నిండు సిలిండర్‌కు సుమారు ఐదు కిలోలు, ప్లేటు, రెగ్యులేటర్లకు మూడున్నర కిలోల దాకా అవుతుంది. ఇంకా వేసుకోవలసిన ఆరు కిలోల సీసాన్ని కూడా ప్లేటుకే తగిలిస్తే మొత్తం పద్నాలుగున్నర కిలోలకు దగ్గరవుతుంది. 13 కిలోల వింగ్‌తో ఈ సామగ్రిని నీటిలో విప్పి వదిలితే అది నేరుగా అడుగుకు వెళుతుంది. ఆ ఆరు కిలోల సీసాన్ని నడుము బెల్టుకు మారిస్తే మొదటి లెక్క ఎనిమిదిన్నర కిలోలకు దిగుతుంది, అప్పుడు రెండవ లెక్కలోని పన్నెండే నిర్ణాయకమవుతుంది. ఇక్కడ 16 నుంచి 18 కిలోల వింగ్ న్యాయమైన ఎంపిక. బరువును ఎక్కడ మోస్తున్నామన్నదే వింగ్ పరిమాణాన్ని మారుస్తుందని ఈ ఉదాహరణ చూపుతుంది.

ఇదే ఉదాహరణలో ఇంకొక హెచ్చరిక ఉంది. ముప్పై మీటర్ల లోతున వింగ్ చిరిగితే పన్నెండు కిలోల భారంతో ఫిన్నులు కొట్టి పైకి రావడం దాదాపు అసాధ్యం. వింగ్ ఎంత పెద్దదైనా ఈ ప్రమాదానికి జవాబు కాదు, ఎందుకంటే చిరిగినప్పుడు అది పనికిరాదు. బెల్టును వదిలేసి భారాన్ని సగానికి తగ్గించుకునే వీలు ఉండటం, లేదా నీటిని లోపలికి రానివ్వకుండా, నలిగిపోని తేలుడునిచ్చే డ్రైసూట్‌కు మారడమే జవాబు. సీసమంతా విడిపించడానికి వీలులేని చోట బిగించుకున్నవారు వింగ్ మార్చడానికి ముందు ఆ అమరికను మార్చుకోవాలి.

మరీ పెద్దదైతే ఏమవుతుంది

పెద్దది ఉంటే భద్రత ఎక్కువన్న నమ్మకం బలంగా ఉంది కాబట్టి దీన్ని విడిగా చెప్పవలసి వస్తోంది. ఒక డైవ్‌లో వింగ్‌లోకి నింపేది నాలుగైదు లీటర్ల గాలే అయినప్పుడు, 27 లీటర్ల తిత్తిలో అది అటూ ఇటూ జారుతూ ఉంటుంది. శరీరం ఒక పక్కకు వంగితే గాలి పైకి లేచిన పక్కకు పరుగెత్తి డైవర్‌ను ఇంకా తిప్పుతుంది. ఖాళీ గుడ్డ నీటిలో రెపరెపలాడి ఈతకు అడ్డుపడుతుంది. గాలి వాల్వ్ దగ్గరకు త్వరగా చేరదు కాబట్టి వదలడం ఆలస్యమవుతుంది. అన్నిటికీ మించి, ఇన్‌ఫ్లేటర్ (వింగ్‌లోకి గాలి నింపే భాగం) బటన్ ఇరుక్కుని గాలి ఆగకుండా నిండుతున్నప్పుడు, చిన్న వింగ్ పైకి లాగే బలానికి ఒక హద్దు ఉంటుంది. పెద్ద వింగ్ డైవర్‌ను అంతకంటే చాలా ఎక్కువ బలంతో పైకి లాక్కుపోతుంది.

ఒక సిలిండర్, జంట సిలిండర్లు

ఈ విషయంలో రాజీ పడవద్దని గట్టిగా చెబుతాను. జంట సిలిండర్ల వింగ్‌కు మధ్య భాగం వెడల్పుగా ఉంటుంది. దాన్ని ఒక్క సిలిండర్‌కు బిగిస్తే గాలి నిండగానే రెండు అంచులూ సిలిండర్‌ను చుట్టుకుని పైకి లేస్తాయి, మడతల్లో గాలి చిక్కుకుంటుంది. ఒక సిలిండర్ వింగ్‌ను జంటకు వాడితే అది రెండు సిలిండర్ల కింద నొక్కుకుపోయి, ముద్రించిన లిఫ్ట్‌ను ఇవ్వదు. రెండింటికీ పనికొస్తుందని చెప్పి అమ్మేవి రెండు పనులూ అరకొరగానే చేస్తాయి. ప్లేటు మీద నిలువుగా ఉండే బోల్టు రంధ్రాల మధ్య దూరం సుమారు 28 సెంటీమీటర్లుగా స్థిరపడింది కాబట్టి, ప్లేటు ఒకటే ఉంచుకుని రెండు వింగులను మార్చి మార్చి వాడుకోవచ్చు. సిలిండర్లను పక్కలకు తగిలించుకునే సైడ్‌మౌంట్ వింగులది పూర్తిగా వేరే లెక్క. వాటిని వీటితో పోల్చకూడదు.

ఆకారంలో రెండు రకాలు ఉన్నాయి. డోనట్ ఆకారంలో తిత్తి చుట్టూ పూర్తిగా కలిసి ఉంటుంది; లాడం ఆకారంలో అడుగు భాగం తెరిచి ఉంటుంది. డోనట్‌లో గాలి కింద నుంచి కూడా ఒక పక్క నుంచి మరో పక్కకు వెళ్లగలదు కాబట్టి, ఎడమ వైపు ఉండే అడుగు వాల్వ్ నుంచి కుడి పక్క గాలిని వదలడం సులువు. లాడంలో ఒక పక్క చిక్కిన గాలిని రెండో పక్కకు తేవాలంటే శరీరాన్ని కొంచెం తిప్పాలి. ఒక సిలిండర్ వాడేవారికి నేను డోనట్‌నే సూచిస్తాను, అయితే ఈ తేడా వెడల్పు, పరిమాణాల తేడాలంత పెద్దది కాదు.

వింగ్ చుట్టూ సాగే బంజీ తాళ్లు బిగించినవి పెద్ద తిత్తిని చిన్నదిగా చూపిస్తాయి. కానీ తాళ్ల మధ్య ఏర్పడే ఉబ్బుల్లో గాలి చిక్కుకుంటుంది, నోటితో ఊదడం కష్టమవుతుంది, చిన్న చిరుగు పడితే తాళ్లే లోపలి గాలిని బయటకు తోస్తాయి. రెండు తిత్తుల వింగులు బరువైన స్టీల్ జంట సిలిండర్లను వెట్‌సూట్‌తో వాడేవారిని ఆకర్షిస్తాయి. ఒక తిత్తి చిరిగినా రెండవది ఉంటుందన్నది వారి ఆలోచన. కానీ రెండవ ఇన్‌ఫ్లేటర్ నుంచి గాలి మెల్లగా లోపలికి కారుతుంటే డైవర్ మొదటి తిత్తిని ఖాళీ చేస్తూ, ఎందుకు పైకి తేలుతున్నాడో అర్థం కాక గాభరా పడతాడు. అసలు ఆ కలయికనే మార్చి, అల్యూమినియం జంటకో డ్రైసూట్‌కో వెళ్లడం శుభ్రమైన మార్గం. డ్రైసూట్ వాడేవారు మాత్రం సూట్‌లోకి నీరు చేరితే పోయే తేలుడును వింగ్ భరించగలదా అన్నది రెండవ లెక్కలో చేర్చుకోవాలి.

ప్లేటు, సిలిండర్ బిగింపు

స్టీల్ ప్లేటు 2.5 నుంచి 3 కిలోలు, అల్యూమినియం ప్లేటు ఒక కిలో ప్రాంతం ఉంటుంది. స్టీల్ ప్లేటు బెల్టు మీది సీసాన్ని ఆ మేరకు తగ్గించి, బరువును ఊపిరితిత్తుల దగ్గరకు తెస్తుంది. చల్లని నీటికి అది మేలు. పలచని సూట్‌తో స్టీల్ సిలిండర్ వాడేవారికి మాత్రం అది అధిక భారమవుతుంది. విమాన ప్రయాణాలు ఎక్కువగా చేసేవారు అల్యూమినియం తీసుకుని, సీసం అక్కడే అద్దెకు తీసుకోవడం మంచిది.

సిలిండర్‌ను బిగించే పట్టీలు రెండు ఉండాలి. కొన్ని వింగులకు సిలిండర్ దొర్లకుండా నిలిపే గట్టి దిండ్లు కుట్టి ఉంటాయి. మరికొన్నింటికి విడిగా లోహపు అడాప్టర్ కావాలి. అడాప్టర్ గట్టిగానే పట్టుకుంటుంది కానీ సిలిండర్‌ను వీపుకు దూరం చేస్తుంది, బరువునూ పెంచుతుంది. కుట్టిన దిండ్లు ఉన్నవే చాలామందికి చాలు.

తిత్తి తయారీ

రెండు పొరల వింగ్‌లో లోపల పాలీయురెథేన్ తిత్తి, బయట మందపాటి నైలాన్ తొడుగు ఉంటాయి. చిరిగితే జిప్ తీసి తిత్తిని మార్చుకోవచ్చు. బయటి తొడుగు 1000 డెనియర్ (దారం మందాన్ని చెప్పే కొలత) నైలాన్ అయితే శిథిల నౌకల తుప్పు అంచులను కూడా కొంతవరకు తట్టుకుంటుంది. ఒకే పొర వింగ్ తేలికగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది, కానీ పెద్ద చిరుగు పడితే మొత్తం మార్చవలసి రావచ్చు. పగడపు దిబ్బల మీద తేలికగా ఈదేవారికి ఒకే పొర చాలు. శిథిలాల్లో, గుహల్లో తిరిగేవారికి రెండు పొరలే కావాలి.

ఇన్‌ఫ్లేటర్, వాల్వులు

చిన్న భాగాలే అయినా డైవ్ మొత్తంలో చేయి ఎక్కువసార్లు వెళ్లేది వీటి దగ్గరికే. ఇన్‌ఫ్లేటర్‌ను వింగ్‌కు కలిపే ముడతల గొట్టం, మీ తల కంటే పైకి దాన్ని ఎత్తి గాలి వదలడానికీ, నోట్లో పెట్టుకుని ఊదడానికీ సరిపోయేంత పొడవు ఉండి, అంతకు మించి ఉండకూడదు. 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య పొడవు చాలామందికి కుదురుతుంది. మరీ పొడవైతే అది పక్కన వేలాడి అడుగునున్న జీవులను రాసుకుంటుంది. నింపే బటన్, వదిలే బటన్ రెండూ మందపాటి చేతితొడుగులతో కూడా వేర్వేరుగా తెలియాలి. తక్కువ ఒత్తిడి గొట్టపు కనెక్టర్‌ను చల్లబడిన వేళ్లతో, ఒక్క చేత్తో ఊడదీయగలగాలి, ఎందుకంటే బటన్ ఇరుక్కున్నప్పుడు చేయవలసిన మొదటి పని అదే. వెనుక అడుగు భాగాన గాలి వదలడానికి ఉండే డంప్ వాల్వ్ తాడు, దాని చివరి ముడి మీ ఎడమచేతికి చూడకుండానే దొరకాలి.

కొన్న తరువాత సముద్రానికి తీసుకువెళ్లే ముందు రెండు పరీక్షలు చేయాలి. అధిక ఒత్తిడి వాల్వ్ తెరుచుకునేదాకా వింగ్‌ను నింపి, రాత్రంతా వదిలి, పొద్దున్నే అది ఎంత గట్టిగా ఉందో నొక్కి చూడాలి. మెత్తబడితే సబ్బునీరు పూసి వాల్వులు, గొట్టం వింగ్‌కు కలిసే చోట ఉండే మోచేతి ఆకారపు కలుపు, కుట్ల అంచులు ఒక్కొక్కటిగా చూడాలి; చాలాసార్లు లోపం తిత్తిలో కాక, వాల్వ్ కింద ఇరుక్కున్న ఇసుక రేణువులో దొరుకుతుంది. రెండవ పరీక్ష ఈతకొలనులో. నిండు సిలిండర్‌తో, నిజమైన డైవ్‌కు తగిలించే ప్రతి వస్తువుతో, వింగ్‌ను పూర్తిగా నింపి, సామగ్రిని విప్పి నీటిలో వదలాలి. సిలిండర్ వాల్వ్ నీటికి పైన నిలిస్తే మొదటి లెక్క సరైనదే. మునిగితే సీసాన్ని బెల్టుకు మార్చి మళ్లీ చూడాలి, అప్పటికీ తేలకపోతేనే పెద్ద వింగ్ గురించి ఆలోచించాలి. ప్రతి సముద్రపు డైవ్ తరువాత లోపలికి మంచినీరు పోసి కుదిపి, అడుగు వాల్వ్ నుంచి వంచేయాలి. ఉప్పు స్ఫటికాలు లోపల ఎండితే తిత్తిని కోస్తాయి, వాల్వును ఇరుకున పెడతాయి. భద్రపరిచేటప్పుడు లోపలి పొరలు అంటుకోకుండా కొంచెం గాలి ఉంచి, ఎండ తగలని చోట వేలాడదీయాలి.